ఇంజిన్ పీల్చే గాలి, ఇంటి జమాఖర్చు

పెట్రోల్ ఇంజిన్ బలం అది తాగే పెట్రోలు కంటే ముందు అది పీల్చే గాలి మీద ఆధారపడి ఉంటుంది. కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి కనుక, సిలిండర్లలోకి ఎక్కువ గాలి చేరితేనే ఎక్కువ ఇంధనం మండి ఎక్కువ శక్తి పుడుతుంది. కంపెనీ బిగించిన ఎయిర్ ఫిల్టర్‌ను, దాని గొట్టాన్ని తీసేసి, గాలిని ఇంకా ధారాళంగా వదులుతాయనే పేరున్న భాగాలను బిగించే వ్యాపారమంతా ఈ సూత్రం మీదే నడుస్తోంది. సూత్రంలో తప్పు లేదు. అయితే గాలికి అసలు అడ్డు ఎక్కడుంది, దాన్ని తొలగించడానికి పెట్టిన డబ్బు ఒక మధ్యతరగతి కుటుంబపు కారులో తిరిగి వస్తుందా అన్నవి వేరే ప్రశ్నలు. ఈ వ్యాసకర్త 2022 చివరలో తన 1197 సీసీ కారుకు 4,800 రూపాయలు పెట్టి నూనె పట్టించిన నూలు ఫిల్టర్‌ను, 1,400 రూపాయలు పెట్టి దాన్ని శుభ్రం చేసే సామగ్రిని కొని, రెండేళ్లపాటు లెక్క రాసి చూసినవి ఆ ప్రశ్నలే.

ముందుగా ఇంజిన్‌కు కావలసిన గాలి ఎంతో చూడాలి. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒక్కసారి మాత్రమే గాలి పీలుస్తుంది కాబట్టి, 1197 సీసీ ఇంజిన్ నిమిషానికి 6,000 చుట్లు తిరిగినప్పుడు, సిలిండర్లు ప్రతిసారీ పూర్తిగా నిండాయనుకున్నా, నిమిషానికి సుమారు 3,600 లీటర్ల గాలి సరిపోతుంది. ఊళ్లో తిరిగే కారు ఈ వేగాన్ని అందుకోవడం అరుదు. అది 2,000 చుట్ల దగ్గర, యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కిన స్థితిలోనే ఎక్కువసేపు గడుపుతుంది. అప్పుడు గాలిని ఆపేది ఫిల్టర్ కాదు, త్రాటిల్, అంటే తొక్కిన మేరకే తెరుచుకునే ఆ చిన్న రేకు తలుపు. తూము సగం మూసి ఉన్నప్పుడు పైకాలువను ఎంత వెడల్పు చేసినా చేనుకు పారే నీరు పెరగదని తెలిసిన వారికి ఈ విషయం వెంటనే బోధపడుతుంది.

మైలేజీ విషయం ఇంకా స్పష్టంగా తేలింది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో వెలువరించిన పరీక్షా ఫలితాల ప్రకారం, ఇంధనాన్ని కంప్యూటర్ నియంత్రించే ఆధునిక కార్లలో ఫిల్టర్ బాగా మూసుకుపోయినా మైలేజీ చెప్పుకోదగినంతగా తగ్గదు; లోపలికి వచ్చిన గాలి తగ్గితే కంప్యూటర్ పెట్రోలునూ ఆ మేరకు తగ్గించడమే దానికి కారణం. తగ్గేది పికప్. మూసుకుపోయిన ఫిల్టర్ స్థానంలో కొత్తది పెడితే వేగం పుంజుకోవడానికి పట్టే సమయం 6 నుంచి 11 శాతం వరకు మెరుగుపడుతుందని ఆ పరీక్షల్లోనే తేలింది. ఆ మెరుగు మామూలు కొత్త ఫిల్టర్‌తోనే దక్కుతుందన్నది కొనేవారు తప్పక గమనించవలసిన సంగతి. ఈ వ్యాసకర్త పుస్తకంలో, ట్యాంకు నింపిన ప్రతిసారీ రాసిన లెక్కల సగటు, పాత ఫిల్టర్‌తో లీటరుకు 17.4 కిలోమీటర్లు, కొత్తదానితో 17.5; ఆ తేడా ట్రాఫిక్‌లో కలిసిపోయేది.

పెద్ద ఖర్చుతో బిగించే శంఖు ఆకారపు ఫిల్టర్లలో మరో చిక్కు ఉంది. పెట్టె లేకుండా బానెట్ కింద బయటికే ఉండటం వల్ల అవి ఇంజిన్ వేడికి కాగిన గాలినే పీలుస్తాయి. బయటి గాలి 35 డిగ్రీలు, బానెట్ కింది గాలి 60 డిగ్రీలు ఉంటే, అదే పరిమాణంలోని గాలి బరువు దాదాపు 7.5 శాతం తగ్గుతుంది. కంపెనీ ఫిల్టర్ పెట్టె నుంచి ముందు గ్రిల్ వైపు సాగే ప్లాస్టిక్ గొట్టం చల్లగాలి కోసమే ఉందని, దాన్ని పీకేవారు ఒక్కసారి ఆలోచించాలి. సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున్న హైదరాబాద్‌లో గాలి పీడనం విశాఖ తీరంలో కంటే సుమారు 6 శాతం తక్కువ; అయినా విశాఖ నుంచి వచ్చిన కారు బలహీనపడిందని ఎవరూ ఫిర్యాదు చేయరు. అలాంటప్పుడు మంచి స్థితిలో ఉన్న మామూలు కారుకు ఫిల్టర్ ఒక్కటే మార్చితే వచ్చే ఒకటి రెండు శాతాన్ని డ్రైవరు గుర్తుపడతాడని నమ్మడం కష్టం. అతడు గుర్తుపట్టేది శబ్దాన్ని. గాలి హోరును అణచడానికి గొట్టంలో అమర్చిన బోలు గదులు పోగానే ఇంజిన్ గర్జిస్తుంది, ఆ గర్జన చెవికి బలంలా వినిపిస్తుంది. శబ్దం ఇష్టమై డబ్బు పెట్టేవారిని తప్పుపట్టనక్కరలేదు, కాకపోతే కొంటున్నది శబ్దాన్నేనని వారికి తెలిసి ఉండాలి.

ఇక రూపాయల లెక్క. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగే ఈ కారుకు, లీటరు దాదాపు 109 రూపాయలున్నప్పుడు, పెట్రోలు ఖర్చు సుమారు 62,000. మైలేజీ నిజంగానే ఒక శాతం పెరిగిందనుకున్నా ఏడాదికి మిగిలేది 620 రూపాయలు, పెట్టిన 6,200 రాబట్టుకోవడానికి పదేళ్లు. కడిగి మళ్లీ వాడుకోవచ్చు కనుక జీవితకాలంలో ఆదా అన్న వాదనకు కూడా లెక్క కుదరదు. 380 రూపాయల కాగితపు ఫిల్టర్‌ను దుమ్ము రోడ్ల దృష్ట్యా రెండేళ్లకోసారి మార్చినా, 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ గడువులో ఏడుసార్లకు 2,660 రూపాయలే అవుతుంది.

ఇందులో శ్రమ వెల కలపలేదు. నూలు ఫిల్టర్‌ను డాబా మీద బకెట్లో నానబెడితే నీరు ఎర్రమట్టి రంగుకు తిరిగేది; రాత్రంతా నీడన ఆరబెట్టి, తెల్లవారి మడత మడతకూ ఎర్రటి నూనె చుక్కలుగా పోయాలి. మొదటిసారే నూనె కాస్త ఎక్కువై, వేడెక్కించిన సన్నని తీగ చల్లబడే తీరును బట్టి గాలిని కొలిచే సెన్సర్ మీద పొరగా చేరింది. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ దీపం వెలిగింది, శుభ్రం చేయించడానికి 900 రూపాయలు అయింది.

అంతకు మించిన నష్టం వానాకాలంలో పొంచి ఉంటుంది. చల్లగాలి కోసం గొట్టం మూతిని బంపర్ కిందికి దించే కిట్లు నిలిచిన నీటిని ఇంజిన్‌లోకి లాగగలవు. నీరు గాలిలా కుదించుకోదు కనుక పిస్టన్ ఆగిపోయి, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. దీన్నే హైడ్రోస్టాటిక్ లాక్ అంటారు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ను, 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన వరదలు చూసినవారికి ఈ భయం కొత్తగా చెప్పనక్కరలేదు. మామూలు సమగ్ర బీమా సాధారణంగా ఈ నష్టాన్ని భరించదు, దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు రక్షణ తీసుకోవాలి. అది ఉన్నా, బీమా సంస్థకు చెప్పకుండా చేసిన మార్పు క్లెయిము దగ్గర వివాదానికి దారితీయవచ్చు.

టర్బో పీడనం పెంచి, కంప్యూటర్ ప్రోగ్రాము మార్చి, సైలెన్సర్ గొట్టాలు వెడల్పు చేసిన ఇంజిన్‌కు, లేదా ఎప్పుడూ ఎరుపు గీత దగ్గరే తిరిగే రేసు కారుకు మాత్రం కంపెనీ ఫిల్టర్ నిజంగానే అడ్డు కావచ్చు. అక్కడ కూడా డైనో మీద, అంటే చక్రాల దగ్గర శక్తిని కొలిచే యంత్రం మీద, మార్పుకు ముందూ తర్వాతా ఒకే రోజు కొలిపించి కొనడం మేలు.

2024 డిసెంబరులో ఆ నూలు ఫిల్టర్ కారులోంచి బయటికి వచ్చింది. దాని స్థానంలో పెట్టిన కాగితపు ఫిల్టర్‌ను సర్వీసు జరిగిన ప్రతిసారీ తీసి, ఎండకు ఎదురుగా పట్టి చూస్తారు. మడతల మధ్య నుంచి వెలుతురు కనిపించినంత కాలం దులిపి మళ్లీ పెడతారు, కనిపించనప్పుడు మారుస్తారు.