చేయి మారిన బండిలో శ్రీశైల యాత్ర

నరసరావుపేటనుండి శ్రీశైలమునకు పోవలెనన్న నేడు బస్సులకు కొదువ లేదు. వినుకొండ, త్రిపురాంతకము, దోర్నాల మీదుగా సుమారు 175 కిలోమీటర్ల దారి. తెలతెలవారుచుండగా బయలుదేరినవారు మధ్యాహ్న భోజనమునకు కొండమీద నుందురు. అయినను మా అత్తగారికి ఆరేండ్లుగా మల్లన్న దర్శనము లేకపోయెను. దారి దూరమగుటచే గాదు, బస్సు మెట్టు ఎత్తగుటచేత. మోకాళ్లు అరిగినవారికి ఆ మొదటి మెట్టే కొండయంత. పోనీ, బాడుగకు చిన్నకారు మాట్లాడుకొందమన్నచో అందు కూర్చుండుటకు నేలబారుగా వ్రాలవలెను; లేచునపుడు ఇరువురు చేయూత నీయవలెను. రెండుసార్లట్లు ప్రయాణించిన పిమ్మట, "ఇక నన్నెక్కడికిని తీసికొని పోవద్దమ్మాయీ, ఇంటినుండియే దండము పెట్టుకొందును" అని వారు మానుకొనిరి. ఆ మాట నాకు ములుకువలె గ్రుచ్చుకొనెను.

సీటు నడుమెత్తున నుండి, ప్రక్కకు తిరిగి కూర్చుండిన చాలునట్టి బండ్లు కలవు. ఎస్.యు.వి. లని వానికి పేరు. వానిలో పెద్దవి మావంటివారికి అందునవి కావు. ఉపాధ్యాయుని జీతముపై అప్పు తెచ్చి క్రొత్తది కొని, నెలనెలకు వాయిదాలు కట్టుకొనుట నాకిష్టము లేదు. నాచేత నున్నదెల్ల మా పెద్దమ్మాయి కళాశాల చదువునకై ఏండ్ల తరబడి చీటీలు కట్టి కూడబెట్టిన 7 లక్షల రూపాయలు. దానిని కదలించుటకు నాలుగు మాసములు మనసొప్పలేదు. చెడిన బండి చేతికి వచ్చెనా, అత్తగారి యాత్రయు లేదు, పిల్ల చదువును లేదు. తుదకు రెండు షరతులమీద సమ్మతించితిని. బండి నా పేర వ్రాయింపవలెను. తీసిన సొమ్ము నెలకింత యని మరల చీటిలో పడవలెను. "మా బడి తనిఖీలో కూడ ఇన్ని షరతులు లేవే!" యని మావారు నవ్విరి గాని ఒప్పుకొనిరి.

మేమెంచుకొన్నది విటారా బ్రెజ్జా యను రకము. 2016లో మారుతీవారు దీనిని బజారునకు తెచ్చిరి. పొడవు 3,995 మిల్లీమీటర్లు, అనగా నాలుగు మీటర్లకు వ్రేలిమందము కంటె తక్కువ కొరవ. ఈ కొరవ యొక్క గుట్టు పన్నులో నున్నది. నాలుగు మీటర్లకు మించక, డీజిలు ఇంజను 1500 సి.సి.కిని, పెట్రోలు ఇంజను 1200 సి.సి.కిని లోబడిన కార్లకు మన దేశమున పన్ను తక్కువ. ఈ పొట్టి ఎస్.యు.వి. లన్నియు వెనుక కత్తిరించినట్లుండుట కదియే కారణము. నేలకును బండి యడుగునకును 198 మిల్లీమీటర్ల యెడము గలదు. అప్పటి డీజిలు ఇంజను 1248 సి.సి.ది. 2020 ఏప్రిల్ 1న పొగ నిబంధనలు కఠినములు కాగా ఆ కంపెనీవారు డీజిలు కార్లు చేయుట మానివేసిరి. కావున డీజిలు బ్రెజ్జాయే కావలెననువారికి చేయి మారినది తప్ప గతి లేదు.

2025 జనవరిలో గుంటూరు, విజయవాడలు తిరిగి ఆరు బండ్లు చూచితిమి. బేరమునకు ఆడుది వచ్చినదేమని అమ్మువారు మొదట నన్ను లక్ష్యపెట్టలేదు. కాని పాత బండిని పరీక్షించుట పాత ఇత్తడి బిందెను కొనుటవంటిదే గదా! మెరుగు చూచి మోసపోరాదు; అడుగు చూడవలెను, అతుకు చూడవలెను, తట్టి చూడవలెను. మేము వచ్చువరకు ఇంజనును త్రిప్పవలదని ముందే కోరియుంటిమి. చల్లని ఇంజను లేచు తీరునుబట్టియే దాని బలము తెలియును. ఒకచోట బ్యానెట్టుపై చేయి వేయగా అప్పటికే వెచ్చగా నుండెను. మారుమాటాడక వచ్చివేసితిమి.

టైరు ప్రక్కన ఒక చిన్నగడిలో నాలుగంకెలు అచ్చుపడి యుండును. మొదటి రెండును వారము, తరువాతి రెండును సంవత్సరము. 1418 అనియున్నచో అది 2018వ సంవత్సరము 14వ వారమున చేసిన టైరు. పైన గాళ్లు లోతుగానే యున్నను అంత ముదిరిన రబ్బరును నమ్మి ఘాటురోడ్డు ఎక్కరాదు. ఇక వరద సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నియో కార్లు మునిగెను. అట్టివానిని కడిగి, అత్తరు చల్లి, పొరుగూళ్లవారికి అంటగట్టుదురను భయము అందరకు నుండెను. అందుచే ప్రతి బండిలోను సీటు బెల్టును కడవరకు లాగి చూచితిని. సీటును తుడువవచ్చును, తివాచీని మార్చవచ్చును. చుట్టలో దాగియున్న పట్టీ కొసను ఉతుకువారరుదు. ఒకదానిలో ఆ కొసను బురదచార కనబడెను. అమ్మువాడు అది కాఫీ మరక యనెను! అంత లోపలికి కాఫీ ఎట్లు పోయెనో అతడే చెప్పవలెను.

ఆరవది నచ్చెను. 2018లోనిది, మీటరు 61,000 కిలోమీటర్లు చూపుచుండెను. మీటరు మాట మీటరుదే. సర్వీసు చేసిన చోట నంబరు చెప్పి, ఏయేట ఎన్ని కిలోమీటర్లకు వచ్చినదో కనుగొంటిమి. అంకెలు వరుసగా పెరిగియున్నవి. అమ్మినవారు విశ్రాంతి తీసికొన్న బ్యాంకి యుద్యోగి. 6 లక్షల 60 వేలకు బేరము కుదిరెను. వెంటనే నాలుగు టైర్లును మార్పించితిని. దానికి మరి 28 వేలు.

కాగితముల మాట క్లుప్తముగా చెప్పెదను. 29, 30 ఫారములపై అమ్మినవారి సంతకములుండవలెను. అప్పుపై కొన్న బండియైనచో, అప్పు తీరినదని బ్యాంకివారిచ్చు పత్రమును, 35వ ఫారమును తప్పవు. 14 దినములలో బీమాను మన పేరికి మార్చుటకు దరఖాస్తు చేయవలెను. నష్టపరిహారము కోరక సంపాదించుకొన్న బీమా తగ్గింపు మాత్రము పాత యజమానితోనే పోవును, బండితో రాదు. పరివాహన్ వెబ్‌సైటులో నంబరు వేసి పాత జరిమానాలేమైన మిగిలియున్నవేమో చూచుకొనుట మంచిది.

తరువాత కొన్ని నెలలు కోటప్పకొండయే మా పరీక్షాశాల. ఆ ఘాటురోడ్డు మీదనే నేనును చక్రము పట్టుట నేర్చితిని. టర్బో డీజిలు ఇంజనుకొక స్వభావము గలదు. తక్కువ వేగమున మూతి ముడుచుకొని కూర్చుండును. ఇంజను చుట్లు పెరిగిన పిమ్మట ఒక్కసారి ఊపునందుకొనును. మలుపునకు ముందే క్రింది గేరు వేయుట తెలిసినవారికి అది సమస్య కాదు. నాకు ఎత్తున కూర్చుండి దారి దూరముగా చూచుటయే పెద్ద ధైర్యము. అత్తగారు మొదటి దినమున తలుపు పట్టుకొని, ప్రక్కకు తిరిగి, తమంతట తామే కూర్చుండిరి. మేమెవ్వరము చేయి సాపలేదు. సాపవలదని మావారు కనుసైగ చేసిరి.

ఇంతలో 2025 సెప్టెంబరు 22న చిన్నకార్లపై జీ.ఎస్.టి. 18 శాతమునకు దిగెను. "కొన్ని నెలలు ఆగియుండవలసినది" అని ఇరుగుపొరుగమ్మలు నాతో అనని దినము లేదు. తగ్గిన పిమ్మటను క్రొత్తది మా మూటకు అందునది కాదు. అదియునుగాక, మేమాగిన నెలలలో అత్తగారి మోకాళ్లు ఆగియుండునా?

ఆ కార్తికమాసముననే, నవంబరులో, యాత్రకు బయలుదేరితిమి. మేమిద్దరము, అత్తగారు, పిల్లలిద్దరు. వెనుక అర 328 లీటర్లని కంపెనీవారి కొలత. మా కొలతలో అది రెండు పెట్టెలు, పులిహోర గిన్నె, అత్తగారి మడిబట్టల సంచి, ఒక మడతకుర్చీ, ఐదేసి లీటర్ల నీళ్లడబ్బాలు రెండు. త్రిపురాంతకమున ఆగి, చెరువులోని బాలాత్రిపురసుందరికి మ్రొక్కితిమి. శ్రీశైలమునకు నాలుగు ద్వారములందురు. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము. ద్వారము దాటిన పిమ్మట ఇల్లు ఇంకను ఎంత దూరమని మా చిన్నవాడు అడిగెను!

దోర్నాల దాటినది మొదలు నల్లమల. పులుల రక్షణకై కేటాయించిన యడవి యగుటచే రాత్రివేళ ఈ దారిని మూసివేయుదురు. ఇరువైపుల చెట్లు, కోతిమూకలు, అక్కడక్కడ చెంచుల గూడెములు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున పర్వత ప్రకరణమని ఒక భాగమునే ఈ యాత్రకు కేటాయించెను; శివరాత్రికి నడచిపోవు భక్తులు అందు బారులు తీరియుందురు. 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు ఈ కొండకు పల్లకీతో, బోయీలతో వచ్చిరి. వారి పుస్తకము చదివినప్పుడెల్ల పల్లకీలోని వారికంటె మోసినవారి భుజములే నాకు జ్ఞప్తికి వచ్చును. మేము చల్లని గాలి వేసికొని, గాజుతలుపులెత్తి పోవుచుంటిమి.

ఘాటు సగము ఎక్కుసరికి వేడిమి తెలుపు గుర్తు మామూలు చోటు విడిచి పైకి ప్రాకెను. మావారు వెంటనే చల్లగాలిని ఆపి, మలుపు దాటిన పిమ్మట విశాలమైన చోట ఎడమకు నిలిపి ఇంజను కట్టివేసిరి. బ్యానెట్టు ఎత్తగా ఆవిరియు, ఒక తియ్యని వాసనయు. ఆ వాసన ఇంజనును చల్లబరచు కూలెంటుది. ఇంజనునుండి రేడియేటరునకు పోవు రబ్బరు గొట్టము, ఇనుపపట్టీ బిగించిన కొసయందు నెర్రె విచ్చి, బొట్టుబొట్టుగా కారుచుండెను. మూత తీయబోయిన మా అమ్మాయిని చేయి పట్టి ఆపితిని. ఆవిరి పోకముందు కుక్కరు మూత తీయుదుమా? ఇదియు నట్టిదే, మరుగునీరు మొగముపై చిమ్మును.

సమయము మూడు దాటినది. ఫోనులో సిగ్నలు లేదు. అత్తగారిని మడతకుర్చీలో చెట్టునీడ కూర్చుండబెట్టితిమి. "నా మూలమున గదా మీకీ యవస్థ, వెనుకకు పోవుదము" అని వారు కన్నీరు పెట్టుకొనిరి. నాకు మాత్రము ఆ గొట్టమునందు మా పిల్ల చదువు బొట్టుబొట్టుగా కారిపోవుచున్నట్లే యుండెను. పైకి అనలేదు. పులిహోర విప్పి అందరకు పెట్టితిని. కోతులు చెట్లమీదనుండి దిగివచ్చి మమ్ములను లెక్కించుచుండెను.

ముప్పావుగంట గడచిన పిమ్మట ఒక లారీ ఆగెను. ఆ డ్రైవరు చూచి, "గొట్టం కొసే పగిలిందమ్మా, మిగతాది బాగుంది. కత్తి ఉందా?" అని అడిగెను. పండ్లు కోయుటకు తెచ్చిన కత్తి నిచ్చితిని. చల్లబడిన గొట్టమును ఊడదీసి, పగిలిన కొసను రెండంగుళములు కోసివేసి, మిగిలినదానిని లోనికి నెట్టి పట్టీ బిగించెను. ఒక డబ్బా నీళ్లు మెల్లమెల్లగా పోసితిమి. ఇంజను త్రిప్పి పది నిమిషములు చూచితిమి. గుర్తు కదలలేదు, చుక్క కారలేదు. డబ్బులీయబోగా అతడు పుచ్చుకొనలేదు. పులిహోర మాత్రము పొట్లము కట్టించుకొని పోయెను.

మీటరు చూచిన నది పెద్దగా తిరుగని బండియే. కాని రబ్బరునకు కిలోమీటర్లతో పని లేదు, ఏండ్లతోనే పని. ఎండలో తిరిగినను, కొట్టములో నిలిచినను అది ముదురుచునే యుండును. తక్కువ తిరిగినది గనుక పడుచు బండి యని అమ్మువారు చెప్పుమాటను అరవంతే నమ్మవలెను.

శిఖరేశ్వరమున మెట్లెక్కలేక అత్తగారు బండిలోనుండియే చేతులెత్తిరి. సాక్షిగణపతి యొద్ద మాత్రము దిగుదునని పట్టుబట్టిరి. వచ్చినవారి పేర్లు వ్రాసికొనువాడాయనయే కదా, ఆరేండ్ల గైరుహాజరు ఆయన యెదుట ఒప్పుకొనవలెనట! మరునాడు మల్లికార్జునుని, భ్రమరాంబను సేవించితిమి. ఆమె ఆ గడపయొద్ద నిలిచిన తీరు వ్రాయుటకు నాకు మాటలు చాలవు.

దర్శనానంతరము సున్నిపెంటలో ఒక మేస్త్రీ గొట్టమును మార్చి, నీళ్లు తీసివేసి కూలెంటు పోసెను. దిగునపుడు ఏ గేరులో ఎక్కితిమో ఆ గేరులోనే దిగితిమి. అట్లు దిగిన ఇంజనే బండిని వెనుకకు పట్టియుంచును. బ్రేకుమీద కాలు అప్పుడప్పుడు మోపిన చాలును. మా ముందర నొక కారు వాలు పొడవున బ్రేకు నొక్కుచు దిగి, కాలిన వాసనతో దారిప్రక్క నిలిచిపోయియుండెను. దోర్నాలనుండి ఇంటివరకు చక్రము నాది. వినుకొండ దాటిన పిమ్మట అద్దములో చూచితిని. అత్తగారు మనుమని భుజముపై తల వాల్చి నిద్రించుచుండిరి.

రాకపోకలకు, ప్రక్కదారులకు కలిపి 370 కిలోమీటర్లు. డీజిలు 22 లీటర్లు పట్టినది. ఊరికి వచ్చిన వారమే మా వీథి మేస్త్రీచేత మిగిలిన రబ్బరు గొట్టములును, బెల్టును మార్పించితిని, 4,200 రూపాయలు. బ్యాటరీ వచ్చు వేసవి వరకే యని అతడు చెప్పెను. ఆ నెల చీటి కట్టిన పిమ్మట, దానికని 500 వేరుగా తీసి డబ్బాలో వేసితిని.