అనికేతుడు

ధనుర్మాసంలో ఢిల్లీ రామకృష్ణపురంలోని ఒక తెలుగువారి ఇంట ప్రతిదినం ఉషఃకాలంలో గీతాపఠనం జరుగుతుంది. కేంద్ర సచివాలయంలో మూడున్నర దశాబ్దాలు పనిచేసి విరమించిన ఒక వృద్ధుడు అక్కడ శ్లోకార్థాన్ని వివరిస్తారు. ఆనాటి ప్రస్తుతాంశం భక్తియోగంలోని పంతొమ్మిదవ శ్లోకం. తనకు ప్రియుడైన భక్తుని లక్షణాలను చెబుతూ భగవానుడు 'అనికేతుడు' అనే పదాన్ని అక్కడ ప్రయోగించాడు. నియతమైన నివాసం లేనివాడని శంకరభగవత్పాదుల వివరణ. ఆత్మయందు బుద్ధి స్థిరపడినందువల్ల గృహాదులమీద ఆసక్తి లేనివాడని రామానుజాచార్యుల వివరణ. ఈ రెండింటి తారతమ్యాన్ని ఆయన గంటసేపు హృద్యంగా విశదీకరించారు. ఇల్లు ఉండీ లేనట్లు జీవించడమే గృహస్థునికి సాధ్యమైన సన్న్యాసమని ఆయన అన్న మాటను ఒకరు అప్పటికప్పుడు టైపు చేసి సత్సంగపు వాట్సాప్ సమూహంలో పెట్టారు. నలభై నమస్కారాల బొమ్మలు వచ్చాయి.

ఆ రాత్రి పదిన్నర ప్రాంతంలో ఆయన కుమార్తె ఇంటినుండి కారులో తిరిగి వస్తున్నారు. పొగమంచు దట్టంగా ఉంది. దక్షిణ ఢిల్లీలోని ఒక పెద్ద ప్రభుత్వ వైద్యశాల ప్రాకారం వెంబడి, పాదచారుల బాటమీద, తలనుండి పాదాలదాకా దుప్పట్లు కప్పుకొని మనుష్యులు వరుసగా పడుకొని ఉన్నారు. ముఖాలు కనిపించవు. ఏడేళ్ళుగా ఆ దారిన ఆయన రాకపోకలు సాగుతూనే ఉన్నాయి. తెల్లవారుజామున తన నోటినుండి వెలువడిన పదం ఆ రాత్రి ఆ దుప్పట్ల వరుస మీద వాలింది. కారు ఆపించకుండా ఉండలేకపోయారు.

ఆ వరుస నగరానికి క్రొత్తది కాదు. 2011 జనగణన ఇళ్ళులేనివారిని నిర్వచిస్తూ ఆరుబయట, రహదారుల ప్రక్కన, వంతెనల క్రింద, మెట్ల క్రింద, పెద్ద సిమెంటు గొట్టాలలో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, ప్రార్థనాస్థలాల ఆవరణలలో, మండపాలలో ఉండేవారిని పేర్కొన్నది. ఆ సంవత్సరం ఫిబ్రవరి 28 రాత్రి వారిని ప్రత్యేకంగా లెక్కించారు. దేశం మొత్తం మీద 17.7 లక్షలమంది, అందులో పట్టణాలలో 9.38 లక్షలమంది తేలారు. ఢిల్లీ వాటా 46,724. దేవుని మండపం సైతం ఆ పట్టికకు ఎక్కిందన్న సంగతి భక్తులు ఒకసారి ఆగి చదువదగినది. 2010 శీతకాలంలో సర్వోన్నత న్యాయస్థానం ఢిల్లీ నిరాశ్రయుల విషయంలో జోక్యం చేసుకొన్నది. ఆ ఏడాదే ఒక చట్టంద్వారా ఢిల్లీ అర్బన్ షెల్టర్ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. రాత్రి ఆశ్రయాలను అక్కడివారు రైన్ బసేరా అంటారు. ఏటా నవంబరు 15 నుండి మార్చి 15 వరకు చలికాలపు కార్యక్రమం నడుస్తుంది. ఆ బోర్డుకు ఒక చరవాణి యాప్ కూడా ఉన్నది. బాటమీద పడుకొన్న వ్యక్తి ఛాయాచిత్రాన్ని, స్థలాన్ని దానిద్వారా తెలియజేస్తే రాత్రి తిరిగే బృందం వాహనంతో వస్తుంది.

కుమార్తె ఎప్పుడో తన ఫోన్‌లో పెట్టి ఇచ్చిన ఆ యాప్‌ను ఆయన తెరిచారు. వరుసకు చివర, గేటుకు ఎదురుగా పడుకొన్న వ్యక్తి ముందు నిలబడి ఫొటో తీశారు. ఫ్లాష్ వెలిగింది. దుప్పటి క్రింది మనిషి ఉలిక్కిపడి లేచి, మోచేయి ముఖానికి అడ్డం పెట్టుకొన్నాడు. ఆయన "ఏమీ లేదు, పడుకో భాయీ" అన్నారు. తాను అతనికి మేలు చేస్తున్నాననే భావం ఆ క్షణంలో ఆయనకు నిండుగా ఉన్నది. ఆ సంగతి తరువాతి వారం సత్సంగంలో ఆయనే దాపరికం లేకుండా చెప్పారు.

ముప్పావు గంటలో వాహనం వచ్చింది. అందులోనుండి దిగిన యువకుడు నిలబడి మాట్లాడలేదు. ముందు బాటమీద గొంతుకూర్చొన్నాడు. పేరు అడిగాడు, ఊరు అడిగాడు, ఏమైనా తిన్నావా అని అడిగాడు. ఆ తరువాతనే దగ్గరలో బసేరా ఉన్నదని, కంబళి ఇస్తారని చెప్పాడు. అతడు రానన్నాడు. వృద్ధునికి ఆశ్చర్యం, దాని వెనుక కొంచెం కోపం కలిగాయి. ఎముకలు కొరికే చలిలో ఆశ్రయం వద్దనే మనిషి ఉంటాడా? యువకునికి మాత్రం ఏ ఆశ్చర్యమూ లేదు. రిక్షా వదలి రానివారుంటారు, తెల్లవారుజామున కూలికి పిలిచే కూడలికి దూరమవుతామనేవారుంటారు, భార్యాపిల్లలను వేరే చోటికి పంపుతారేమోనని జంకేవారుంటారు. "ఎందుకు రావు అని అడగాలి బాబూజీ, జవాబు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి" అన్నాడు.

ఇతని జవాబు ఇది. ఊరు దర్భంగా వైపు. భార్యకు హృదయశస్త్రచికిత్స చేయించాలని వచ్చి రెండు నెలలైంది. చేతిలోని డబ్బు మొదటి నెలలోనే అయిపోయింది. పగలు సామాన్లు మోసి రాత్రి ఇక్కడ పడుకొంటాడు. ఆడవారి వార్డు కనుక లోపల కూతురు ఉన్నది. ఏ అవసరం వచ్చినా ఆమె ఫోన్ చేస్తుంది. రోజూ టీ దుకాణంలో పది రూపాయలిచ్చి ఫోన్‌కు ఛార్జింగ్ పెట్టించుకొంటాడు. ఆ దుకాణం రెండు రోజులుగా తెరవలేదు. ఫోన్ ఆరిపోయింది. కూతురికి పిలవాలంటే ఇప్పుడు గేటు దాకా వచ్చి చూడడం ఒక్కటే దారి. కాబట్టి గేటు కనిపించే చోటు విడిచి అతడు కదలడు.

వృద్ధుడు కాసేపు మాట్లాడలేదు. ఆయన చేతిలోని ఫోన్ ఇంతసేపూ అతనిని చూపడానికే పనికివచ్చింది. అతని చేతిలోనిది కూతురి మాట చేరవలసిన త్రోవ, అది మూసుకొని ఉన్నది. యాప్‌లో ఆ వివరం వ్రాయడానికి ఒక గడి ఉన్నదో లేదో ఆయన చూడనైనా లేదు.

కారులో ఛార్జర్ ఉన్నది. గేటు కనబడేటట్లు కారును ముందుకు జరిపించి, అతనిని లోపల కూర్చోబెట్టుకొన్నారు. మొదట సీటు మాసిపోతుందని అతడు దుప్పటి మడిచి ఒళ్ళో పెట్టుకొని అంచున కూర్చొన్నాడు. పావుగంటకు తెర వెలిగింది. వెంటనే కూతురి మిస్డ్ కాల్స్ సందేశాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. సాయంత్రం అయిదునుండి ఆమె ప్రయత్నిస్తూనే ఉన్నది. రెండుసార్లు గేటువరకు వచ్చి చూసి వెళ్ళింది, అప్పుడతడు మోతపనిలో ఉన్నాడు. మర్నాడు శస్త్రచికిత్సకు వంతు వచ్చింది. ఉదయం ఎనిమిదిలోగా ఇద్దరు రక్తదాతలు కావాలి. లేకుంటే ఆ వంతు మరొకరికి పోతుంది.

అతనికి ఆ నగరంలో తెలిసినవారు బాటమీది ఇరుగుపొరుగు మాత్రమే. ఇద్దరు వెంటనే లేచారు. ఒకరు కామెర్లనుండి కోలుకొంటున్నవాడు, మరొకరు అరవై దాటి కృశించినవాడు. వృద్ధునికి అరవై ఏడు. రక్తదానానికి అరవై అయిదు హద్దు. ఆయన సత్సంగ సమూహం తెరిచారు. ఉదయపు వాక్యం ఇంకా అక్కడే ఉన్నది, దాని క్రింద నమస్కారాలు. దానిక్రిందనే ఆయన విషయం రెండు పంక్తులలో వ్రాశారు. అర్ధరాత్రి దాటినా కొందరు మేలుకొనే ఉన్నారు. చాలామంది మళ్ళీ నమస్కారమే పెట్టారు. ఇద్దరు కుర్రవాళ్ళు మాత్రం ఏ గేటు, ఎన్ని గంటలకు అని అడిగారు. వీరిద్దరూ పారాయణానికి ఎప్పుడూ ఆలస్యంగా వస్తారని ఆయనే పలుమార్లు విసుక్కొన్నారు. ఆ ఉదయం ఏడుకే వచ్చారు.

తరువాతి వారం పారాయణంలో ఆయన గీతను ప్రక్కన పెట్టి తైత్తిరీయ శీక్షావల్లిని ఎత్తుకొన్నారు. విద్య ముగించి వెళ్ళే శిష్యునికి ఆచార్యుడు దానం ఎలా చేయవలెనో చెప్పే భాగం అది. శ్రద్ధతో ఇవ్వవలెనని అందరికీ గుర్తుంటుంది. లజ్జతో, భయంతో, సంవిత్తుతో ఇవ్వవలెనని కూడా అక్కడే ఉన్నది. ఇచ్చేవానికి లజ్జ ఎందుకు అని ఆయన జీవితమంతా ఆ మాటను వినయమనే అర్థంలో దాటవేశారు. మోచేయి అడ్డం పెట్టుకొన్న ముఖాన్ని చూచిన తరువాత దానికి వేరే అర్థం అక్కరలేకపోయింది. సంవిత్తు అంటే జ్ఞానం కదా అని ఒక శ్రోత అన్నారు. శంకరులు ఇక్కడ మైత్రి మొదలైనదానిని చెప్పారని ఆయన గుర్తుచేశారు. ఎదుటివానికి ఏమి కావాలో మిత్రునికి తెలుస్తుంది, తెలియకపోతే అడుగుతాడు.

అనికేత శబ్దాన్ని గురించి కూడా ఒక దిద్దుబాటు చేశారు. యతి ఇల్లు విడిచినప్పుడు విడిచే స్వాతంత్ర్యం అతనిది. లోకం అతనికి భిక్ష పెట్టి పాదాలకు మ్రొక్కుతుంది. గేటు ముందు పడుకొన్నవాడు దేనినీ విడువలేదు, అన్నీ అతనినుండి జారిపోయాయి. ఇద్దరికీ ఒకే పదం వర్తిస్తుందనుకొని రెండవవాని దుఃఖాన్ని వైరాగ్యంగా అలంకరించడం శాస్త్రానికీ అపచారమే, అతనికీ అపచారమే. ఇది కొందరికి రుచించలేదు. వేదాంతగోష్ఠి సంఘసేవాసమావేశంగా మారుతున్నదని ఒక పెద్దాయన రెండు వారాలు రాలేదు. మూడవ వారం వచ్చి, మాట్లాడకుండా, అటకమీద ఉన్న పాత ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చి ఇచ్చారు.

ఆ బోర్డుకు ఉపయోగం కలిగింది. వాహనపు యువకుని సలహామేరకు నలుగురు సత్సంగసభ్యులు వారంలో మూడు సాయంత్రాలు వైద్యశాలకు దగ్గరి బసేరా గుడారం వద్దకు వెళ్ళసాగారు. ఫోన్ ఛార్జింగ్ పెట్టుకొనడానికి వచ్చినవారిలో కొందరు కంబళికీ, పడకకూ ఒప్పుకొన్నారు. ఒప్పుకొననివారిని వీరు కారణం అడిగి వ్రాసుకొన్నారు. ఒకనికి అవసరమైనది పడుకొనే చోటు కాదు, పోయిన సిమ్ కార్డు. ఆధార్‌కు జతచేసిన ఆ నంబరు పోతే దానికి వచ్చే ఓటీపీ రాదు, అది రాకపోతే ఎన్నో పనులు ఆగుతాయి. దానికోసం తిరుగుట పదకొండు రోజులు పట్టింది. యాప్ వాడకం ఆపలేదు. ఒంటరిగా స్పృహతప్పి పడియున్నవారు కనిపిస్తే అంతకంటె త్వరితమైన మార్గం లేదు. కాని మెలకువగా ఉన్నవాని ఫొటో అడగకుండా తీయరాదని, ముందు కూర్చోవలెనని నియమం చేసుకొన్నారు. మోకాళ్ళ నొప్పులున్న వృద్ధునికి ఆ నియమం కష్టమే. ఒక చిన్న మడతస్టూలు కొనుక్కొన్నారు.

ఫాల్గుణంలో ఆ దంపతులు, కూతురు దర్భంగా రైలెక్కారు. ఆయన నంబరును అతడు ఫోన్‌లో దాచుకొనడమే కాక, అది ఆరిపోతే ఎలా అని కాగితం మీదకూడా వ్రాయించుకొని భార్య మందులసంచిలో పెట్టించాడు. అప్పుడప్పుడు రాత్రివేళ ఆ నంబరునుండి ఒక మిస్డ్ కాల్ వస్తుంది. ఆయన తిరిగి చేస్తారు.