తెర నుంచి గోడ దాకా

2025 ఏప్రిల్ చివర్లో మా అక్క కొడుకు వాట్సాప్‌లో ఒక జాబితా పంపాడు. కంప్యూటర్ విడిభాగాలు కొనుక్కుని ఇంట్లోనే బిగించుకుంటాడట. ఆటలూ ఆడాలి, చదువు పనీ సాగాలి. బీటెక్ రెండో ఏడాది. ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి, పక్కన ఎమ్యులేటర్ నడుపుతూ, బ్రౌజర్‌లో నలభై ట్యాబులు పెట్టుకుని, మధ్యలో వాలరెంట్‌లోకి దూరే పిల్లాడు.

జాబితాలో తొమ్మిది వరుసలు. మొదటిది ప్రాసెసర్: రైజెన్ 7 9800ఎక్స్3డీ, పక్కన మూడు నక్షత్రాలు. తర్వాత ఖరీదైన మదర్‌బోర్డు, లైట్లు వెలిగే ర్యాం, లైట్లు వెలిగే కూలర్. గ్రాఫిక్స్ కార్డు దగ్గరికి వచ్చేసరికి డబ్బు అయిపోవచ్చినట్టుంది, 8 జీబీ కార్డుతో సరిపెట్టాడు. ఎనిమిదో వరుసలో "ఎస్ఎంపీఎస్ – ఏదో ఒకటి". తొమ్మిదోది "మానిటర్ – నాన్నది ఉంది కదా".

ఆ చివరి రెండు వరుసలూ చదివి ఫోన్ చేశాను.

"ఒరేయ్, ఇది తిరగేసి రాయి. కింద నుంచి పైకి."

"అదేంటి మావయ్యా, ప్రాసెసరే కదా మెయిను?"

మీ ఇంట్లోనూ ఇలాంటి జాబితా తయారవుతూ ఉండొచ్చు. అందుకే వాడికి చెప్పిందంతా మీకూ చెబుతాను. కంప్యూటర్‌కి రెండు కొసలుంటాయి. ఒక కొస మన కళ్ల ముందుండే తెర. రెండో కొస గోడకున్న ప్లగ్గు. ఈ రెండూ ముందు తేల్చుకుంటే మధ్యలో ఏం పెట్టాలో చాలావరకు అవే చెప్పేస్తాయి. మనవాళ్లు మధ్య నుంచి మొదలుపెట్టి, కొసలకు వచ్చేసరికి జేబు తడుముకుంటారు.

ముందు తెర సంగతి. బావ మానిటర్ 22 అంగుళాలది, సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది. దాని వెనక 9800ఎక్స్3డీ పెట్టి సెకనుకు మూడు వందల ఫ్రేములు తయారు చేయించినా కంటికి చేరేవి అరవై బొమ్మలే. చేతికి స్పందన కొంచెం చురుగ్గా అనిపిస్తుందేమో గానీ చూపుకి తేడా రాదు. 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో బొమ్మ దాదాపు 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 180 హెర్ట్జ్ తెర మీద 5.6. గురిచూసి కాల్చే ఆటల్లో ఈ తేడాని మౌసు కదిపిన మొదటి నిమిషంలోనే గుర్తుపడతారు. ఒకసారి అలవాటయ్యాక పాత తెర ముందు కూర్చోబుద్ధి కాదు.

ఇక చుక్కల లెక్క. 1080పీ తెరలో 20.7 లక్షల చుక్కలు, 1440పీలో 36.9 లక్షలు, 4కేలో 82.9 లక్షలు. గ్రాఫిక్స్ కార్డు ప్రతి ఫ్రేముకీ ఇన్ని చుక్కలకీ రంగు నింపాలి. అంటే ఏ కార్డు కావాలో నిర్ణయించేది తెరే. మావాడికి కోడ్ రాయడానికి చోటు కావాలి, ఆట అందంగానూ ఉండాలి. 27 అంగుళాల 1440పీ, 180 హెర్ట్జ్ ఐపీఎస్ మానిటర్ అనుకున్నాం. అది తేలిన పది నిమిషాల్లో మిగతా జాబితా దానంతటదే కదిలింది.

1440పీ దగ్గర సైబర్‌పంక్ 2077 లాంటి ఆటల్లో భారమంతా కార్డు మీదే పడుతుంది, ప్రాసెసర్ ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది. కాబట్టి మూడు నక్షత్రాల ప్రాసెసర్ డబ్బులో సగం కార్డు వైపు జరిగింది. అప్పటికి ఆర్‌టీఎక్స్ 5060 టీఐ కొత్తగా వచ్చింది. ఒకే పేరుతో రెండు రకాలు: ఒకటి 8 జీబీ, ఒకటి 16 జీబీ. డబ్బా మీద పేరు చూసి కొనేస్తే ఏది ఇంటికొచ్చిందో తర్వాత గానీ తెలియదు. నేనైతే 16 జీబీదే అంటాను, గట్టిగా అంటాను. కార్డు సొంత మెమరీ నిండిపోతే బొమ్మల సరుకంతా మామూలు ర్యాంలో పెట్టి అక్కణ్నుంచి మోసుకురావాలి. పొయ్యి మీద పోపు మాడుతుంటే కరివేపాకు కోసం వీధి చివరికి పరుగెత్తినట్టే. సగటు ఫ్రేములు బాగానే కనిపిస్తాయి, కానీ మలుపు తిరిగినప్పుడల్లా ఆట ఒక్క క్షణం బిగుసుకుపోతుంది.

సెకండ్ హ్యాండ్ కార్డు తీసుకుందామా అనీ అడిగాడు. 2022 సెప్టెంబరులో ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ పద్ధతిని వదిలేశాక, దాని కోసం రాత్రింబవళ్లు నడిచిన కార్డులు బోలెడు అమ్మకానికొచ్చాయి. కళ్ల ముందు అరగంట ఆట ఆడించి, ఫ్యాన్ల చప్పుడు విని, బిల్లూ వారంటీ చూపిస్తే తీసుకోవచ్చు. కొరియర్‌లో పంపిస్తానంటే వద్దు.

ప్రాసెసర్‌కి రైజెన్ 7 7700 రాశాం. ఎనిమిది కోర్లు, పదహారు థ్రెడ్లు, 65 వాట్ల రకం, కూలర్ డబ్బాలోనే వస్తుంది. 9800ఎక్స్3డీ ఆటలకు మహా గొప్పది, కాదనను. కానీ అది 120 వాట్ల రకం, కూలర్ విడిగా కొనాలి. మావాడు వెనకాల ఏదో బిల్డ్ అవుతుండగా ముందు ఆట ఆడతాడు. వాడికి కావలసినవి కోర్లు, అవి రెండింటిలోనూ ఎనిమిదే. పైగా ఇది ఏఎం5 సాకెట్. దీనికి 2027 దాకానైనా కొత్త ప్రాసెసర్లు వస్తాయని ఏఎండీ చెప్పింది. దీని ముందరి ఏఎం4 సంగతి చూడండి: 2017లో కొన్న బోర్డుల్లో చాలావాటికి బయాస్ మార్చుకుని 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ పెట్టుకోగలిగారు. కావాలంటే నాలుగేళ్ల తర్వాత వాడూ ఆ పని చేసుకుంటాడు. అందుకే బోర్డు మీద ఎక్కువ పెట్టలేదు, మామూలు బీ650 చాలన్నాం. ఎం.2 స్లాట్లు రెండుండాలి, కరెంటు మలిచే భాగాల మీద అల్యూమినియం దిమ్మలుండాలి. లైట్లు లేకపోయినా ఏమీ కాదు.

ర్యాం 32 జీబీ. ఒకే 32 కాదు, రెండు 16లు. రెండైతేనే ప్రాసెసర్ రెండు దారుల్లో సరుకు తెచ్చుకుంటుంది. నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో దాంట్లో, నాలుగో దాంట్లో పెట్టాలి. పక్కపక్కనే గుచ్చేసి, స్పీడు రావడం లేదని తల పట్టుకున్నవాళ్లను చూశాను. అప్పట్లో ర్యాం చవకే. ఆ ఏడాది చివరికల్లా ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఎగరేసుకుపోతుంటే ధరలు ఎక్కడికో వెళ్లిపోయాయి. ఇప్పుడు కొనేవాళ్లు ఒకే 16 జీబీ కర్రతో మొదలుపెట్టి రెండోది తర్వాత చేర్చుకున్నా నేను తప్పు పట్టను. స్టోరేజీకి 1 టీబీ ఎన్‌వీఎంఈ. ఒక్కో పెద్ద ఆట వంద జీబీ దాటుతోంది కాబట్టి అంతకంటే తగ్గొద్దు.

ఇప్పుడు రెండో కొస, గోడ. నా మనసంతా ఇక్కడే ఉంది. ప్లగ్గు దగ్గరికి వెళ్లే ముందు ఆ గది సంగతి.

అక్కావాళ్లది నరసరావుపేట. రెంటచింతల ఎండల జిల్లా. మే నెలలో మధ్యాహ్నం గది లోపలే 38, 40 డిగ్రీలుంటుంది. వీడియోల్లో చూపించే కొలతలు ఏసీ గదుల్లో తీసినవి. అక్కడ గది 24, కార్డు 66 చూపించిందంటే గది కంటే 42 డిగ్రీలు ఎక్కువన్నమాట. అదే కార్డుని 40 డిగ్రీల గదిలో పెడితే 82కి చేరుతుంది. అక్కడి నుంచి కార్డు తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అందుకే ముందువైపు గాజు పలక ఉన్న క్యాబినెట్ వద్దని, జల్లెడ లాంటి మెష్ ఉన్నది తీసుకున్నాం. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి తోయాలి, వెనకది బయటికి లాగాలి. నేల మీద పెట్టొద్దు. ఊడ్చిన దుమ్మంతా దాంట్లోకే పోతుంది.

ఇక ఎస్ఎంపీఎస్, అంటే గోడ కరెంటుని కంప్యూటర్‌కి సరిపడేలా మార్చే డబ్బా. నేను కాలేజీలో ఉన్నప్పుడు నా మొదటి కంప్యూటర్‌కి క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్ఎంపీఎస్ బిగించారు. స్టిక్కర్ మీద 450 వాట్లు అని ఉంది. చేత్తో పట్టుకుంటే ఖాళీ డబ్బాలా తేలిపోయింది. ఏడాది తిరక్కుండా ఒక వేసవి సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. టప్పుమని ఒక చప్పుడు, కాలిన వాసన. అది పోతూ పోతూ మదర్‌బోర్డునీ, ఫైనలియర్ ప్రాజెక్టు ఉన్న హార్డ్ డిస్కునీ తీసుకుపోయింది. ఆ రాత్రి హాస్టల్ మెట్ల మీద కూర్చున్న సంగతి ఇప్పటికీ గుర్తే. "ఏదో ఒకటి" అన్న మాట చూడగానే ఫోన్ ఎందుకు చేశానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

లెక్క వేద్దాం. ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తే 90 వాట్ల లోపు, కార్డు 180, మిగతావన్నీ కలిపి ఓ 60. మొత్తం 330. కార్డు ఒక్కోసారి రెప్పపాటు కాలం దానికి రాసిన దానికంటే ఎక్కువ లాగుతుంది, అందుకని 650 వాట్లది తీసుకున్నాం. 80 ప్లస్ గోల్డ్ అన్న ముద్ర చూసి అదే నాణ్యత అనుకోకండి. గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా చేస్తుందన్నదే ఆ ముద్ర చెబుతుంది. వారంటీ ఎన్నేళ్లిస్తున్నారో చూడండి. ఐదేళ్లు ఇచ్చినవాడికి తన సరుకు మీద కాస్తయినా నమ్మకం ఉంటుంది.

యూపీఎస్ దగ్గర చాలామంది పొరబడతారు. 600 వీఏ అని రాసిన డబ్బా చాలావరకు ఇచ్చేది 360 వాట్లే. ఆటలో ఉండగా కరెంటు పోతే మానిటర్‌తో కలిపి అది మోయలేదు, టక్కున ఆగిపోతుంది. మేం 1000 వీఏ పైన ఉన్నది కొన్నాం. ఆట సేవ్ చేసి, కోడ్ సేవ్ చేసి, మామూలుగా షట్‌డౌన్ చేయడానికి నాలుగైదు నిమిషాలు చాలు.

ఆఖరిది ఎర్తింగ్. బావ పాత కంప్యూటర్‌కి ఒక గుణం ఉంది. చెప్పుల్లేకుండా నేల మీద నిలబడి క్యాబినెట్ అంచు తాకితే చేతి మీద చీమలు పాకినట్టు జిల్లుమంటుంది. "దాని తత్వమే అంత" అనేవాడు బావ. తత్వం కాదు. ఎస్ఎంపీఎస్ లోపల కరెంటులోని చెత్తని వడకట్టే చిన్న కెపాసిటర్లుంటాయి. అవి కొద్దిపాటి కరెంటుని క్యాబినెట్ లోహంలోకి వదులుతాయి. అది ఎర్త్ తీగ గుండా భూమిలోకి పోవాలి. ఆ తీగ లేకపోతే మన ఒంటి గుండా పోతుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించాం. ఆయన ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టాడు, వెలగలేదు. సాకెట్‌కి మూడో కన్నం ఉంది, దాని వెనక తీగే లేదు. పెరట్లో గుంట తవ్వి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, పైపు దించి, అక్కణ్నుంచి గదిలోకి తీగ లాగాడు. ఖర్చు ర్యాం ధరలో సగం కూడా కాలేదు. మళ్లీ బల్బు పెడితే ఈసారి నిండుగా వెలిగింది.

భాగాలు కొనడానికి మావాడు బస్సెక్కి సికింద్రాబాద్ వచ్చాడు. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, మనందరి సీటీసీ, అంతస్తులన్నీ తిరిగాం. అక్కడ తొందరపడకూడదు. నాలుగు షాపుల్లో కొటేషన్ రాయించుకోవాలి. జీఎస్టీ బిల్లు తీసుకోవాలి, బిల్లు మీద సీరియల్ నంబర్లు పడాలి. బిల్లు లేకుండా తగ్గిస్తానంటే ఆ తగ్గింపు రేపు వారంటీ దగ్గర మన నెత్తినే పడుతుంది.

మే రెండో వారంలో నేనూ వెళ్లాను, అక్కావాళ్ల డైనింగ్ టేబుల్ మీదే బిగించాం. ఏఎం5లో పిన్నులు ప్రాసెసర్‌కి ఉండవు, సాకెట్‌లో ఉంటాయి. వెంట్రుకల్లా సన్నటివి. మీట పైకెత్తి, ప్రాసెసర్ మూలనున్న బంగారు రంగు త్రికోణాన్ని సాకెట్ మీది గుర్తుకి ఆనించి, ఊరికే వదలాలి. నొక్కకూడదు. మావాడి చెయ్యి వణికింది. "పసిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు పెట్టు" అంది మా అక్క పక్కనుంచి. అంతకంటే బాగా నేను చెప్పలేను. మీట దించుతుంటే కిర్రుమంది, వాడు ఉలిక్కిపడ్డాడు. ఆ చప్పుడు మామూలే.

మానిటర్ తీగ కార్డుకే పెట్టాలని, మదర్‌బోర్డుకి కాదని రెండుసార్లు చూసుకున్నాం. స్విచ్ వేశాం. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగానే ఉంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. మావాడి మొహం పాలిపోయింది, స్విచ్ మీదకి చెయ్యి పోయింది. పట్టుకుని ఆపాను. ఏఎం5 బోర్డు మొదటిసారి వెలిగినప్పుడు కొత్త ర్యాంని పరీక్షించుకుంటుంది, దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. బోర్డు మూల ర్యాం దగ్గర చిన్న లైటు వెలుగుతూ ఉంది. అది ఆరేదాకా ఆగమన్నాను. అది తెలియక ఆపి, విప్పి, మళ్లీ బిగించి బంగారం లాంటి బోర్డుని పాడుచేసుకున్నవాళ్లున్నారు.

లైటు ఆరింది. తెల్లటి అక్షరాలు వచ్చాయి: 32 జీబీ, 4800. బయాస్‌లో ఎక్స్‌పో అనే సెట్టింగు ఆన్ చేసి ర్యాం వేగాన్ని 6000కి పెంచాం, తర్వాత విండోస్ ఎక్కించి డిస్‌ప్లే సెట్టింగుల్లో 60 హెర్ట్జ్‌ని 180కి మార్చాం. దాన్ని మార్చకుండా నెలల తరబడి వాడేవాళ్లుంటారు, మీరు తప్పకుండా చూసుకోండి. మావాడు మౌసుని తెర మీద గుండ్రంగా తిప్పుతూ మాట్లాడకుండా కూర్చున్నాడు.

బావ అప్పుడే పొలం నుంచి వచ్చాడు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, కాళ్లు కడుక్కుని, తడి పాదాలతో లోపలికొచ్చి నడుస్తున్న క్యాబినెట్ ముందు నిలబడ్డాడు. ఇరవయ్యేళ్ల అలవాటు కదా, చెయ్యి దగ్గరికి తీసుకెళ్లి ఒక్క క్షణం ఆగాడు. మెల్లగా అంచు మీద వేలు పెట్టాడు. తర్వాత అరచెయ్యి మొత్తం ఆనించాడు.

"ఏమీ లేదురా" అన్నాడు నా వైపు తిరిగి.