మహాకాళి గట్టున అంగళ్లు

నేపాల్‌కు పడమటి ఎల్లగా పారే మహాకాళి నదికి భారతదేశంలో ఎగువన కాళి అని, మైదానంలో శారద అని పేర్లు. ఈస్టిండియా కంపెనీకీ నేపాల్‌కూ మధ్య 1816లో ఖాయమైన సుగౌలీ ఒప్పందం ఈ నదినే సరిహద్దు చేసింది. నది ఎక్కడ పుట్టిందన్న తగువు నేటికీ తీరలేదు. కాలాపానీ ఊటలే మూలమని భారత్ అంటుంది. లింపియాధురా నుంచి దిగే పాయే అసలు నది అని నేపాల్ వాదన. 2020లో నేపాల్ ఆ ప్రాంతమంతా తనదిగా చూపే కొత్త పటం విడుదల చేసింది.

నది ఎగువన, అయిదు వేల మీటర్లకు పైబడిన ఎత్తులో లిపులేఖ్ కనుమ ఉంది. మానస సరోవర యాత్రికులు నడిచిన దారుల్లో ఇదొకటి. బ్యాన్స్, చౌదాన్స్, దార్మా లోయల రంగ్ ప్రజలు తరతరాలుగా గొర్రెల మీద, కంచర గాడిదల మీద ధాన్యం, బెల్లం వేసుకుని టిబెట్‌లోని తక్లాకోట్ వెళ్లేవారు. ఉప్పు, ఉన్ని తెచ్చుకునేవారు. 1962 యుద్ధంతో మూతపడిన ఈ వ్యాపారం 1992లో తెరుచుకుంది. 2020లో కొవిడ్‌తో మళ్లీ ఆగిపోయింది. 2025 ఆగస్టులో దాన్ని పునరుద్ధరించాలని భారత్, చైనా అనుకోగానే నేపాల్ అభ్యంతరం చెప్పింది.

దిగువన ధార్చులా వస్తుంది. ఇవతల భారత్‌లోని ఊరు ధార్చులా, అవతల నేపాల్‌లోనిది దార్చులా. నడుమ మనుషులు నడిచి దాటే వేలాడే వంతెన. 1950 నాటి స్నేహ ఒప్పందం పుణ్యమా అని ఇరు దేశాల పౌరులకూ వీసా అక్కర్లేదు. వంతెనకు ఇవతల సశస్త్ర సీమా బల్ జవాన్లు సంచీ తెరిచి చూసి పంపుతారు. అవతలి నుంచి వచ్చినవారు చక్కెర, నూనె, గోధుమపిండి, మందులు, బట్టలు కొంటారు. ఇవతలివారు అవతల చైనా దుప్పట్లు, జాకెట్లు, ఫ్లాస్కులు, బూట్లు బేరమాడతారు. దుకాణదారు ధర చెప్పేటప్పుడు ‘ఐసీ’నా, ‘ఎన్‌సీ’నా అన్నది తేల్చుకోవాలి. మొదటిది భారత రూపాయి, రెండోది నేపాలీ రూపాయి. నూరు ఐసీ అంటే నూట అరవై ఎన్‌సీ. 1993 నుంచీ మారకం ఇదే. నేపాల్ గడియారం పావుగంట ముందు నడుస్తుంది కనుక, సాయంత్రం వంతెన గేటు మూసే వేళకు రెండు ఒడ్డుల వాచీలూ రెండు టైములు చూపిస్తాయి.

ఈ ఒడ్డుల మధ్య అంగడి సంబంధమే కాదు, వియ్యం కూడా ఉంది. భారత సైన్యంలో పనిచేసి రిటైరైన నేపాలీలు పింఛను కోసం ధార్చులా బ్యాంకులకే వస్తారు. 2020లో సరిహద్దు మూసినప్పుడు, వాళ్ల కోసమే కొద్ది రోజులు గేటు తీయవలసి వచ్చింది. దూరాన రాజధానుల్లో తీసుకునే ప్రతి నిర్ణయం దెబ్బా ముందు తగిలేది ఇలాంటి వంతెనల మీదే. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు నేపాలీ ఇళ్లలో దాచుకున్న భారత నోట్లు చిత్తుకాగితాలయ్యాయి. 2018 డిసెంబరులో నేపాల్ వంద రూపాయలకు మించిన భారత నోట్లను నిషేధించింది. 2023లో, నూరు నేపాలీ రూపాయలు దాటిన సరుకుపై సుంకం వేసే నిబంధనను ఆ దేశం కఠినంగా అమలు చేసింది. నూరంటే మన అరవై రెండున్నర రూపాయలు. లారీలకొద్దీ సరుకు తరలించే వ్యాపారికి అదొక లెక్క కాదు. ఇంటికి నూనె ప్యాకెట్, రెండు కిలోల చక్కెర మోసుకెళ్లే ఇల్లాలిని గేటు దగ్గర నిలదీయడం మాత్రం అన్యాయం.

ధార్చులాకు దిగువన, జౌల్‌జీబీ దగ్గర గోరీ నది వచ్చి మహాకాళిలో కలుస్తుంది. అస్కోట్ పాలకులు 1914లో మొదలుపెట్టిన సంత ఇక్కడ ఏటా నవంబరులో జరుగుతుంది. ఒకప్పుడు టిబెట్ ఉన్ని, నేపాల్ గుర్రాలు, నెయ్యి, తేనె, రంగ్ స్త్రీలు నేసిన దుప్పట్లు ఒకేచోట అమ్ముడుపోయేవి. టిబెట్ దారి మూసుకున్నాక ఆ కళ తగ్గింది.

ఆ దిగువన ఝూలాఘాట్. ఇక్కడా ఒక వేలాడే వంతెన, అవతల నేపాల్‌లోని బైతడీ జిల్లా. నేపాల్ కొండ ఊళ్లకు ఉప్పు నుంచి ఇనుప సామాను దాకా ఈ బజారే ఆధారంగా ఉండేది. ఇప్పుడు దాని మెడ మీద కత్తి పంచేశ్వర్ ఆనకట్ట. సరయూ కలిసే చోటికి కాస్త దిగువన దీన్ని కట్టాలని 1996 మహాకాళి ఒప్పందంలోనే తలపెట్టారు. కడితే వంద చదరపు కిలోమీటర్లకు పైగా నేల మునుగుతుంది, ఝూలాఘాట్ బజారూ అందులోనే. 2017 ఆగస్టులో, కొండచరియలు విరిగిపడే వానాకాలంలో, ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. మునిగే ఊళ్లవాళ్లు ఆ సభలకు ఎలా చేరాలి? మునిగే పొలానికి పరిహారం లెక్క కట్టవచ్చు. తరాలుగా అవతలి ఒడ్డుకు ఇచ్చిన అరువునూ, ఆ నమ్మకంతో నిలిచిన దుకాణాన్నీ ఏ పద్దులో రాస్తారు? మూడు దశాబ్దాలుగా కట్టనూ లేదు, వదలనూ లేదు. మునుగుతుందో లేదో తెలియని బజారులో కొత్తగా గోడ లేపడానికి ఎవరు సాహసిస్తారు?

టనక్‌పూర్ దాటగానే కొండలు అయిపోతాయి. బన్‌బసా దగ్గర 1928లో పూర్తయిన శారదా బ్యారేజీ మీదుగా గుర్రబ్బండ్లు, ఈ-రిక్షాలు నేపాల్‌లోని మహేంద్రనగర్ వైపు సాగుతాయి. 2021లో నేపాల్‌లో పెట్రోలు చవకగా ఉన్నప్పుడు ఇవతలి బళ్లు ట్యాంకులు నింపుకోవడానికి అవతలికి వరుసకట్టాయి. ఇంకొంచెం దిగువన నేపాల్‌కు చెందిన దోధారా, చాందనీ ఊళ్లు నదికి పడమటి గట్టున ఉన్నాయి. వాటిని సొంత దేశంతో కలిపే దాదాపు కిలోమీటరున్నర పొడవు వేలాడే వంతెన 2005లో గానీ రాలేదు.