కిరీటానికి ఏ రంగు?

ముప్ఫయ్యేళ్ళుగా బ్యాంకులో లెక్కలు సరిచూడటమే నా పని. పైసా తేడా వచ్చినా ఆ రాత్రి నిద్రపట్టని జాతి మాది. అలాంటివాణ్ణి పట్టుకుని మా మనవడు, “తాతా! కృష్ణాష్టమికి బళ్ళో నేనే కృష్ణుణ్ణి. మాయాబజార్‌లో కిరీటమే కావాలి” అన్నాడు. మదరాసులో పుట్టి పెరుగుతున్న వాడికి తెలుగు అక్షరాలు రావు. ఆ సినిమా మాత్రం మాటలతో సహా వచ్చు.

మైలాపూరు మాడవీధిలో కిరీటాలు అమ్ముతారు. తళతళలాడే రేకువి. తీసుకెళ్ళి చూపిస్తే వాడు పెదవి విరిచాడు. “ఇది రామారావుది కాదు” అన్నాడు. నిజమే. సరే, నేనే చేస్తానన్నాను.

ఆ కిరీటం వెనుక కథ మన పాఠకుల్లో చాలామందికి తెలిసిందే. రామారావుగారు అంతకు ముందు ఒక చిత్రంలో కృష్ణుడిగా కాసేపు కనిపిస్తే జనం మెచ్చలేదు. అందుకే మళ్ళీ ఆ వేషానికి జంకారు. కె.వి.రెడ్డిగారు పట్టుబట్టి ఒప్పించి, ఈసారి ఆహార్యం విషయంలో ఎంతో జాగ్రత్త తీసుకున్నారు. కళాదర్శకులు గోఖలే, కళాధర్. 1957 మార్చి 27న విడుదలైంది. అదే ఏడు తమిళంలోనూ వచ్చింది. అభిమన్యుడు మారి జెమినీ గణేశన్ అయ్యాడు గానీ, కృష్ణుడు మాత్రం రెండు భాషల్లోనూ రామారావుగారే. మా పక్కింటి తమిళాయన కూడా ఆ కిరీటాన్ని తమదే అనుకుంటాడు. వడపళనిలో వాహినీ స్టూడియో ఉన్న ఆవరణలో ఇవాళ ఆస్పత్రి, పెద్ద మాల్ ఉన్నాయి. మాయాబజార్ తీసినచోట నిజంగానే బజారు వెలిసింది!

సినిమాను టీవీలో ఆపి ఆపి చూస్తూ, గడ్డం నుంచి నుదుటిదాకా ముఖం కొలతకు కిరీటం ఎత్తు ఎన్ని రెట్లో లెక్క వేశాను. అంకెల పని కనుక అది తేలిగ్గానే తేలింది. పాత క్యాలెండర్ అట్టలు మైదా జిగురుతో పొరలుగా అంటించాను. కొండపల్లి బొమ్మలవాళ్ళు చేసినట్టే చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి మక్కు చేసి, దానితో పూలూ తీగలూ దిద్దాను. ఆరాక ఉప్పుకాగితంతో రుద్దితే ఆకారం వచ్చేసింది.

అసలు చిక్కు రంగుల దగ్గర మొదలైంది. సినిమా నలుపు తెలుపు. నలుపు తెలుపు ఫిల్ము మీద ఎరుపూ ఆకుపచ్చా ఒకే బూడిదరంగుగా పడవచ్చు. నుదుటి మీది రాయి కెంపో పచ్చో తెర చెప్పదు. 2010లో హైదరాబాదు సంస్థ ఒకటి కంప్యూటరుతో రంగులద్ది విడుదల చేసింది కదా, అది చూడొచ్చు అన్నారు. చూశాను, అందంగానే ఉంది. కానీ అవి యాభైమూడేళ్ళ తర్వాత వేసిన రంగులు. మా భాషలో చెప్పాలంటే, అసలు ఓచరు లేని ఎంట్రీ. 1964లో వచ్చిన తమిళ ‘కర్ణన్’లో రామారావుగారి కృష్ణుడు రంగుల్లోనే కనిపిస్తాడు. అయితే అది వేరే సినిమా, వేరే కిరీటం.

ఒకప్పుడు స్టూడియోల్లో సెట్లకు రంగులు వేసిన పెద్దాయన ఒకరు మా వీధి చివర ఉంటారు. వెళ్ళి అడిగితే నవ్వారు. “మేము వేసింది కంటికి కాదు బాబూ, కెమెరాకి. తెర మీద బంగారంలా కనబడాలి, అంతే. దగ్గరికొచ్చి చూస్తే మీకు నచ్చేది కాదు” అన్నారు. మరీ మెరిస్తే దీపాల వెలుగులో తెల్లమచ్చ పడుతుందనీ, మెరుపు తగ్గించడమే అసలు పనితనమనీ చెప్పారు.

ఇంటికొచ్చి ఊరికే మా అమ్మను అడిగాను. ఆవిడ పన్నెండేళ్ళప్పుడు నెల్లూరులో ఆ సినిమా చూసింది. ఇప్పుడు పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. ఒక్కోసారి నన్ను మా మామయ్య పేరుతో పిలుస్తుంది.

“అమ్మా, కృష్ణుడి కిరీటంలో రాళ్ళు ఏ రంగు?”

“నడిమధ్య ఎర్రరాయి. పక్కన రెండు పచ్చలు. బంగారం మరీ పసుప్పచ్చగా ఉండదు, కొంచెం ఎర్రజాయ.” తడుముకోలేదు.

“నలుపు తెలుపు సినిమా కదమ్మా?”

“ఎవరు చెప్పార్రా నీకు? నేను చూశాగా!”

ఇక వాదించలేదు. తనిఖీకి నిలిచే సాక్ష్యం కాదది. అయినా నా దగ్గరున్న సాక్షుల్లో 1957లో ఆ తెర ముందు కూర్చున్నది ఆవిడ ఒక్కతే.

అట్ట మీద ముందు కావిరంగు పూత వేశాను. దాని మీద బంగారు పూత పలచగా రెండుసార్లు వేస్తే, అమ్మ చెప్పిన ఎర్రజాయ లోపలి నుంచి తేలింది. పల్లాల్లో ముదురు గోధుమరంగు నీళ్ళగా పూసి, గట్ల మీద గుడ్డతో తుడిస్తే నగిషీ లేచి నిలబడింది, మెరుపూ అణిగింది. ఈ ఊరి సముద్రపు గాలికి బంగారు పొడి నల్లబడుతుంది కనుక పైన వార్నిష్. మధ్యన ఎర్ర గాజురాయి, అటూ ఇటూ ఆకుపచ్చవి. చివరగా నెమలి పింఛం.

మనవడు పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డాడు. రంగుల సంగతి వాడికి పట్టలేదు. “కరెక్టే తాతా” అన్నాడు. అమ్మ మంచం మీద నుంచి లేచి, దగ్గరికొచ్చి, వాడి నుదుటి మీది ఎర్రరాయిని వేలితో తాకింది.

“వీడెవర్రా?” అంది నన్ను చూసి. ఆ వెంటనే కిరీటం కేసి చూసి, “కృష్ణుడు కదూ!” అంది.