తుప్పు కింద తారీఖు

మిసిసిపీ నది ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుందని బళ్లో చదువుకున్నాం. కానీ అమెరికాలోని అయొవా, ఇల్లినాయ్ రాష్ట్రాల సరిహద్దులో కొంతదూరం అది తూర్పు నుంచి పడమటికి పోతుంది. ఆ వంపులో ఒక ఒడ్డున డావెన్‌పోర్ట్, బెటెన్‌డార్ఫ్. రెండో ఒడ్డున మొలీన్, ఈస్ట్ మొలీన్, రాక్ ఐలండ్. అన్నీ కలిపి ‘క్వాడ్ సిటీస్’ అంటారు. అంటే నాలుగూళ్లు. లెక్కపెడితే అయిదున్నాయి! షికాగో నుంచి కారులో మూడు గంటల దారి. మా అబ్బాయి ఉద్యోగం డావెన్‌పోర్ట్‌లో కావడంతో మొన్న వేసవిలో రెండు నెలలు అక్కడున్నాం.

జాన్ డీర్ అనే కమ్మరి నాగళ్ల వ్యాపారాన్ని 1848లో మొలీన్‌కి మార్చాడు. ఆకుపచ్చ ట్రాక్టర్ల కంపెనీ ప్రధాన కార్యాలయం ఇప్పటికీ అక్కడే. 1964లో ప్రారంభమైన ఆ భవనాన్ని ఈరో సారినెన్ రూపొందించాడు. బయట వాడిన ఉక్కుకి పెయింటు లేదు. పైపైన తుప్పు పట్టి, ఆ తుప్పే లోపలి లోహాన్ని కాపాడే రకం ఉక్కది. చెట్ల మధ్య గోధుమరంగులో దర్జాగా ఉంటుంది. పక్కనున్న రాక్ ఐలండ్ ఎర్ర ట్రాక్టర్ల ఊరు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వారి ఫార్మాల్ ఫ్యాక్టరీ అక్కడ 1926 నుంచి 1985 దాకా నడిచింది. ఆకుపచ్చ వాళ్లకీ ఎరుపు వాళ్లకీ మధ్య పోటీ ఒకప్పటి మన ఎన్టీఆర్, ఏఎన్నార్ అభిమానుల్ని గుర్తుచేస్తుంది. అన్నట్టు, మహీంద్రా వాళ్లు 1963లో ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టింది ఈ ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసే. కృష్ణా జిల్లాలో మా ఊరి పెద్దవాళ్లు ‘ఇంటర్నేషనల్ బండి’ అనేవారు. దాని పేరు వెనక ఇంత కథ ఉందని అక్కడికెళ్లాకే తెలిసింది.

మేం చూసిన వింతల్లో నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం మా అబ్బాయి పక్కింటి షెడ్డు. ఆ ఇంటి పెద్దాయనకి డెబ్బై దాటాయి. వాళ్ల నాన్న 1948లో కొత్తగా కొన్న ఫార్మాల్ హెచ్ ట్రాక్టరుని ముక్కలుముక్కలుగా విప్పి పరిచాడు. 1939 నుంచి 1953 దాకా రాక్ ఐలండ్‌లో ఆ రకం బళ్లు దాదాపు 3,90,000 తయారయ్యాయి. కాబట్టి అపురూపమైన వస్తువేమీ కాదు. ఆయనకి మాత్రం అది నాన్న బండి.

తుప్పూ పాత పెయింటూ వదిలించడానికి ఆయన చేసేది శాండ్‌బ్లాస్టింగ్. కంప్రెసర్ గాలితో గరుకు రజనుని నాజిల్లోంచి లోహం మీదికి కొట్టడం. ఫిలడెల్ఫియాకి చెందిన బెంజమిన్ టిల్‌మన్ 1870లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఒకరోజు షెడ్డులోకి వెళ్లి, ‘ఇసుక ఎక్కడ కొంటారు?’ అని మాట కలిపాను. ఆయన పని ఆపేశాడు. ‘ఈ ఇంట్లోకి ఇసుక రాదు’ అన్నాడు.

వాళ్ల అన్నయ్య కుర్రతనంలోనే ఒక ఫౌండ్రీలో చేరాడట. పోతపోసిన సామాన్లని ఇసుకతో కొట్టి శుభ్రం చేసే పని. యాభై ఏళ్లు నిండకుండానే నాలుగు మెట్లెక్కితే ఆయాసం. సిలికోసిస్ అన్నారు. ఇసుక రేణువు లోహానికి తగిలి పగిలితే కంటికి కనిపించనంత సన్నటి ధూళి పుడుతుంది. అది ఊపిరితిత్తుల అడుగుకి చేరి మచ్చలు కడుతుంది. దానికి మందు లేదు. అన్నయ్య పోయాడు.

బ్రిటన్ 1949లోనే పోత సామాన్ల శుభ్రతకి ఇసుక వాడకూడదని నిబంధన పెట్టింది. అమెరికాలో 1974లో ప్రభుత్వ పరిశోధన సంస్థ నియోష్ అదే సిఫార్సు చేసినా, ఇసుక మీద పూర్తి నిషేధం మాత్రం రాలేదు. జీన్స్ ప్యాంట్లు పాతవాటిలా కనబడాలని ఇసుక కొట్టించి ఎందరో కుర్రాళ్లు జబ్బుపడ్డాక టర్కీ 2009లో ఆ పని ఆపించింది. మన దగ్గర మూతికి తుండు చుట్టుకుని, ఆ తెల్లటి పొగలో నిలబడి గేట్లకీ గ్రిల్సుకీ ఇసుక కొట్టే కుర్రాళ్లని నేను చూశాను. తుండు కళ్లెదుటి దుమ్మునే ఆపుతుంది. ప్రాణం తీసే దుమ్ము అందులోంచి హాయిగా వెళ్లిపోతుంది. ఈ మాట ఆ షెడ్ల యజమానులకి తెలియదనుకోను.

పెద్దాయన వాడేది కరెంటు ప్లాంట్లలో బొగ్గు కాలాక మిగిలే గాజులాంటి నల్ల రజను. అదీ పూర్తిగా క్షేమం కాదు, పైగా పాత పెయింటులో సీసం ఉండొచ్చు. అందుకే తలంతా కప్పే ముసుగు, దాంట్లోకి వేరే గొట్టంతో మంచిగాలి. ఆ వేషంలో చందమామ మీదికి వెళ్లేవాడిలా ఉంటాడు! మనవలకి అటువైపు ప్రవేశం లేదు.

నిజానికి కొట్టడం కన్నా ముందు పనే ఎక్కువ. గ్రీజు ఉంటే రజను అంటుకుంటుంది కాబట్టి ముందు కడిగి ఆరబెట్టాలి. బోల్టు రంధ్రాలకి రబ్బరు బిరడాలు, బేరింగు కూర్చునే చోట టేపు. ఒక్క పిడికెడు రజను గేరుబాక్సులోకి పోయిందంటే బండి పని అయిపోయినట్టే. ఆ తర్వాత కారు టైరులో ఉండే గాలికి దాదాపు మూడురెట్ల ఒత్తిడితో కొడతాడు. పోత ఇనుము ఎంత కొట్టినా ఓర్చుకుంటుంది. బానెట్టు రేకు అలా కాదు. ఒకేచోట నాజిల్ నిలిపితే అప్పడంలా వంకర్లు పోతుంది. దాన్ని మందు పూసి, చేత్తో గీకాడు. నదిపక్క ఊరు కాబట్టి వేసవిలో గాలినిండా తేమ. గొట్టంలో నీరు చేరితే రజను ముద్దకట్టి నాజిల్ మూసుకుపోతుంది. రోజుకి పదిసార్లు విప్పి దులపడం చూశాను. ఆయన విసుక్కోలేదు, నాకే విసుగొచ్చింది.

కొట్టిన ఇనుము మెరవదు, బూడిదరంగులో వెండిలా ఉంటుంది. నేను వేలు పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. వేలి చెమట తగిలినచోట తెల్లారేసరికి తుప్పు ముద్ర పడుతుందట. అందుకే సాయంత్రంలోగా ప్రైమర్ వేసేస్తాడు.

ఒకరోజు నన్ను కేకేసి పిలిచాడు. మందంగా ఉన్న ఒక పోత భాగం మీద తుప్పు పోయి ఉబ్బెత్తు అంకెలు తేలాయి. నెల, తేదీ, సంవత్సరానికి గుర్తుగా ఒక అక్షరం. ఆ ముక్కని పోతపోసిన రోజది. వాళ్ల నాన్న ముప్ఫయ్యేళ్లు దున్నినా ఆ అంకెల్ని చూసుండడు, మట్టీ గ్రీజూ కప్పేసి ఉంటాయి. పనిముట్ల పెట్టె మూత మాత్రం బల్లమీద పక్కన పెట్టి ఉంది. దానిలోపల ఇంజన్ ఆయిలు మార్చిన తేదీల్ని నాన్న మేకుతో గీసి పెట్టుకున్నాడట. సగం గీతల్ని తుప్పు తినేసింది. నాజిల్ పెడితే తుప్పుతోపాటు మిగిలిన గీతలూ పోతాయి. ‘అది అలాగే ఉంటుంది’ అన్నాడు.

అక్కడికి రెండు గంటల్లోపు దూరంలో మౌంట్ ప్లెజెంట్ ఉంది. 1950 నుంచి ఆ ఊళ్లో ఏటా సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే ముందు పాత ట్రాక్టర్లు, ఆవిరి ఇంజన్ల జాతర జరుగుతుంది. పెద్దాయన తన బండిని అక్కడ నడపాలనుకుంటున్నాడు. మేం ఆగస్టులో తిరుగు ప్రయాణమయ్యేనాటికి చక్రాల రిమ్ములకీ ముందు ఇరుసుకీ ఎర్ర రంగు పడింది. ఇంజను ఇంకా బల్లమీదే ఉంది, బిరడాలు బిగించుకుని.