తెల్లసుద్ద వయసు, అమ్మ వయసు

మేముండే డబ్లిన్ ఐర్లండులోది కాదు. జార్జియా రాష్ట్రంలో ఒకోనీ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఇక్కడి నుంచి ఉత్తరంగా ఓ గంట ప్రయాణం చేస్తే శాండర్స్‌విల్ వస్తుంది. ఆ చుట్టుపక్కల గనుల్లో తీసే తెల్లసుద్ద, అంటే కయోలిన్, కాగితం నునుపుకూ పింగాణీకీ పోతుంది. వైద్యులం గనుక మాకు ఆ పేరు ఒకప్పటి విరేచనాల మందుగానే తెలుసు. నిరుడు మా అమ్మ వచ్చినప్పుడు అటు తీసుకువెళ్ళాము. సున్నం వేసిన గోడలా ఉన్న గనిని చూసి, "దీని వయసెంతరా?" అని అడిగింది. చెప్పలేకపోయాము.

ఇంటికొచ్చి చదివాము. ఉత్తరాదినున్న గ్రానైటు రాళ్ళు చివికి మట్టయితే, ఆ మట్టిని నదులు మోసుకొచ్చి అప్పటి సముద్రతీరాన దించాయి. సుద్దలో గవ్వలు అరుదు. అందుచేత చాలాకాలం దాదాపు అంతా క్రెటేషియస్ కాలానిదే అనుకున్నారు. 1975లో చూడీ, ప్యాటర్సన్ అనే శాస్త్రజ్ఞులు పొరల్లో చిక్కుకున్న పుప్పొడిని పరిశీలించిన ఫలితాలు ప్రచురించారు. కింది పొరలు 6.6 కోట్ల ఏళ్ళకు పూర్వపు క్రెటేషియస్‌వి. పైవి ఆ తరువాతి పేలియోసీన్, ఇయోసీన్ కాలాలవి. పుప్పొడి సంవత్సరం చెప్పదు. ఏ మొక్కలు వచ్చాక, ఏవి పోకముందు ఆ పొర పడిందో చెబుతుంది.

ఇదంతా విని అమ్మ నవ్వింది. పాస్‌పోర్టులో ఆమె పుట్టిన తేదీ జులై 1. బడిలో మాస్టారు వేసినది. "నేను మీ పెద్దమామయ్య తరవాతదాన్ని. దివిసీమ ఉప్పెన నాటికి నాకు ఓణీలు వేశారు. మీ చిన్నమామయ్య అప్పటికి చంకబిడ్డ" అంది. ఆ ఉప్పెన 1977 నవంబరులో. పైపొరా కిందిపొరా దొరికాయి. నడుమ పొర చెప్పవలసినది అమ్మమ్మ. ఆమె పోయి ఆరేళ్ళయింది. రోజూ ఎందరినో వయసడిగి రాసుకునే మేము ఆమెను ఒక్కసారి కూడా అడగలేదు.

గనిలో సుద్ద కోసం పైపొరలన్నీ తీసి పక్కన పోస్తారు. ఆ తరువాత వాటి వరుస ఎవరికీ దొరకదు. ఈ వేసవికి పెద్దవాళ్ళు వస్తున్న ఇళ్ళవారికి మా మనవి ఒకటే. పుట్టినతేదీ అడగకండి, తెలియదంటారు. "ఉప్పెననాటికి నువ్వెంత ఉన్నావు?" అని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టుకోండి.